ఇంట్లో అందరివీ ఎర్ర కళ్ళే, కానీ అందరిదీ కలక కాదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పీలింగ్ పనికి వెళ్తాను. హాస్టల్లో చదివే మా పెద్దోడు కళ్ళు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చాడు. వారం తిరిగేసరికి నాకూ, మా చిన్నదానికీ, మా అత్తకీ కలక వచ్చేసింది. మా మావయ్యకి అప్పటికే ఒక కన్ను ఎర్రబడి ఉంది. కొబ్బరికాయలు దింపుతుంటే మట్ట కొస తగిలిందంట. మా వీధిలో నలకలు తీసే పెద్దావిడ చూసి ఏమీ లేదంది. ఆయనదీ కలకే అనుకుని, మందుల షాపులో ఇచ్చిన చుక్కల సీసా ఒకటే అందరం వేసుకుంటున్నాం. మాకు తగ్గుతోంది గానీ ఆయనకి పది రోజులైనా తగ్గలేదు. పక్కింటామె నా కళ్ళు చూడబట్టే తనకీ వచ్చిందని వీధిలో గొడవ పెట్టింది. నాతో మాట్లాడిన మర్నాడే ఆమెకి ఎర్రబడ్డాయి మరి. మేస్త్రి పనికి రావద్దన్నాడు. మా తోటికోడలు ఇరవై రోజుల బాలింత, ఆమె పాలు కళ్ళలో పోసుకోమంటుంది మా అత్త. కలక చూపుతో అంటుకుంటుందా? ఎన్నాళ్ళు ఇంట్లో ఉండాలి? అరసవల్లి మొక్కు ఉంది, ఈ ఆదివారం వెళ్ళొచ్చా?

సమాధానం: అమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను. కానీ అడగకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, నాకు కంగారు పుట్టించింది అదే. మీ మామగారి కన్ను. మీ నలుగురిదీ కలకే అయి ఉంటుంది. ఆయనది మాత్రం కలక అని నేననుకోవడం లేదు. ఇది చదివిన పూటే ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరదీయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఎందుకంటున్నానంటే, కలక సాధారణంగా ఒక కంట్లో మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి పాకుతుంది. ఇసుక పోసినట్టు గరగర, ఆగకుండా నీళ్ళు, ఉబ్బిన రెప్పలు, పొద్దున లేచేసరికి పుసి కట్టి అతుక్కుపోవడం. చిరాకు ఎక్కువ, నొప్పి తక్కువ. పుసి తుడుచుకుంటే చూపు మామూలుగానే ఉంటుంది. మీ మామగారికి పది రోజులైనా ఒక్క కన్నే. పైగా అది మొదలైంది మట్ట కొస తగిలాక. కొబ్బరి మట్ట, మొగలి ఆకు, వరి కంకి, ముల్లు, ఇలాంటిది ఏది నల్లగుడ్డును గీరినా ఆ గీతలోంచి బూజు జాతి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అని వాటి పేర్లు. మట్టిలోనూ కుళ్ళిన ఆకుల్లోనూ ఎప్పుడూ ఉండేవే. వేడీ తేమా కలిసిన మన తీరం గాలి వాటికి బాగా పడుతుంది. మొదటి రోజుల్లో పెద్దగా తెలియదు, కాస్త గరగర, కాస్త ఎరుపు. పోనుపోను నొప్పి పెరుగుతుంది, ఎండలోకి చూడలేరు, నల్లగుడ్డు మీద బూడిద రంగులోనో తెల్లగానో మచ్చ లేస్తుంది. అది మానినా మరక మిగులుతుంది. ‘కంట్లో పువ్వు పడింది’ అని మన పల్లెల్లో చెప్పుకునే వాళ్ళలో కొందరి కథ ఇలాంటి చిన్న దెబ్బతోనే మొదలై ఉంటుంది. పువ్వు పడ్డాక చుక్కలు వేసి లాభం లేదు, పడకముందే పట్టుకోవాలి.

ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి మీరే ఒకసారి చూడండి. మచ్చ కనిపిస్తే రేపటిదాకా కూడా ఆగవద్దు. కనిపించకపోయినా వెళ్ళాల్సిందే, చిన్న పుండు మామూలుగా చూస్తే తెలియదు. డాక్టర్లు కంట్లో పసుపుపచ్చ రంగు వేసి నీలం వెలుతురులో చూస్తారు, గాయమున్న చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. పుండు ఉంటే అందులోంచి కొంచెం గీకి మైక్రోస్కోపు కింద పెట్టి బూజా, బ్యాక్టీరియానా అని తేలుస్తారు. బూజైతే నాటమైసిన్ అనే చుక్కలుంటాయి. మొదట్లో గంటగంటకూ వెయ్యాలి, వారాల తరబడి వెయ్యాలి. మీకు దగ్గర్లో కంటి డాక్టరు లేకపోతే పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళంలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. నల్లగుడ్డుకే ప్రత్యేకమైన డాక్టరు కావాలంటే వాళ్ళే విశాఖకు పంపుతారు. వేసుకుంటున్న సీసా కూడా వెంట పట్టుకెళ్ళండి, అదేమిటో తెలిస్తే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది.

ఇంకో మాట. నొప్పి ఎక్కువైందని షాపులో నొప్పి మాత్రలు కొని మింగించకండి. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు చెరుపు. కిడ్నీ జబ్బుతో ఊళ్ళకు ఊళ్ళే బాధపడుతున్న ఉద్దానంలో ఉన్నవాళ్ళకు కిడ్నీల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. డాక్టరు చూసేదాకా పారాసిటమాల్‌తో నెట్టుకురండి.

ఇక ఆ చుక్కల సంగతి. మీకు ‘తగ్గుతోంది’ అని రాశారు. అందులోనే ఉంది తిరకాసు. షాపుల్లో కలకకు ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో ఒక యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ పడితే ఎరుపు చప్పున దిగుతుంది, మంట తగ్గుతుంది, మందు భలే పనిచేసిందనిపిస్తుంది. అది రోగాన్ని కొట్టి కాదు, రోగంతో పోరాడే ఒంటిని చల్లబరిచి. మామూలు కలక అయితే వైరస్ కంట్లో ఇంకొన్నాళ్ళు ఉండిపోతుంది. హెర్పిస్ వైరస్ పుండయితే కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. మీ మామగారిది నేను భయపడుతున్న బూజు పుండే అయితే, ఆ చుక్క దానికి ఎరువు. నెలల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు, శుక్లాలు రావచ్చు. సీసా మీద పేర్లు మీ పెద్దోడి చేత చదివించండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడే. కొన్ని కళ్ళకు అది అవసరమే, నేనూ రాస్తాను. కానీ నల్లగుడ్డు ఎలా ఉందో చూడకుండా ఎవరూ ఇవ్వకూడనిది అది. కౌంటరు వెనక నిలబడ్డవాడికి మీ కంటి లోపల ఏముందో కనపడదు.

స్టెరాయిడ్ లేకపోయినా ఒకే సీసా ఇంటిల్లిపాదికీ వెయ్యడం తప్పే. సీసా మూతి ఒకరి రెప్పకు తగిలిందంటే వాళ్ళ కంట్లోది తర్వాతి వాళ్ళ కంట్లోకి మీ చేత్తో మీరే పోస్తున్నట్టు. మీ మామగారికి మీ కలక, మీకు ఆయన పుండులోని క్రిములు, ఇలా ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. చూపుతో కలక రాదు. మీరు ఆమె కళ్ళలోకి చూసినా, ఆమె మీ కళ్ళలోకి చూసినా రాదు. చూపుతో వచ్చేదే అయితే రోజంతా ఎర్ర కళ్ళలోకి తొంగి చూసే మాకు ఏడాది పొడుగునా కలకే ఉండాలి. మాకూ వస్తుంది, చేతులు సరిగ్గా కడుక్కోకపోయినా, రోగి గడ్డం ఆనించిన పరికరం తుడవకపోయినా వస్తుంది. నల్లద్దాలు పెట్టుకుంటే పక్కవాళ్ళకు రక్షణ అనుకోవడమూ అంతే. అద్దాలు వెలుతురు గుచ్చుకోకుండా కాపాడతాయి, మాటిమాటికీ కళ్ళు నలుపుకోనివ్వవు. ఆ మేరకు మంచివే.

మీ ఇంట్లో తిరుగుతున్నది చాలావరకు అడినోవైరస్ అయి ఉంటుంది, వైరస్ కలకల్లో ఎక్కువ భాగం దానివే. అది ఒంట్లో చేరాక కళ్ళు ఎర్రబడటానికి సుమారు 5 నుంచి 12 రోజులు పడుతుంది. మీ పెద్దోడు వచ్చిన వారానికి మీకు రావడం దీనికి సరిగ్గా సరిపోయింది. ఎంటెరోవైరస్, కాక్సాకీ వైరస్ అనే ఇంకో జాతి ఉంది, దాని కలక ఒకటి రెండు రోజుల్లోనే దిగుతుంది, తెల్లగుడ్డు మీద రక్తం చెమ్మగిల్లినట్టు మరకలు పడతాయి. మీరు రాసినదాంట్లో ఆ పోకడ లేదు. కాబట్టి మీతో మాట్లాడిన మర్నాడే పక్కింటామెకు వచ్చిందంటే, అది ఆమెలో అంతకు వారం ముందే చేరి ఉండాలి. మీ ఇంటి నుంచి చేరలేదని మాత్రం నేను చెప్పలేను. మీ పెద్దోడు నలుపుకున్న చేత్తో బోరింగు పిడి పట్టుకుని ఉండొచ్చు, ఆ వెనకే ఆమె పట్టుకుని ఉండొచ్చు. లేదా ఆమె పిల్లలే బడి నుంచి తెచ్చి ఉండొచ్చు. గొడవ మానేసి ఇద్దరూ సబ్బు కొనుక్కోండి.

జనం ఇరుకుగా ఉన్నచోట ఇది ఎలా పాకుతుందో చెప్పడానికి రెండు పాత సంగతులున్నాయి. రక్తపు మరకల కలక మొదట 1969లో ఆఫ్రికాలోని ఘనాలో బయటపడింది. రెండేళ్ళలోనే ఆసియాలో చాలా దేశాలకు పాకింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్ శిబిరాల్లో తలదాచుకున్నప్పుడు అక్కడ కలక కార్చిచ్చులా అంటుకుంది. రెండోది అంతకన్నా ముందుది, నాకు దీని మీదే ఎక్కువ మక్కువ. 1941లో అమెరికా నౌకాదళ స్థావరం పెర్ల్ హార్బర్‌లో, ఆ తర్వాత పడమటి తీరంలో, ఓడలు కట్టే కార్మికులకు వేల సంఖ్యలో కలక వచ్చింది. ఇనుప రజను కంట్లో పడితే వాళ్ళు ఫ్యాక్టరీ వైద్యశాలకు పోయి నలక తీయించుకునేవాళ్ళు. ఒకరి కంట్లో పెట్టిన పరికరం, ఒకరి రెప్ప ఎత్తిన వేళ్ళు, ఒకరికి వేసిన చుక్కల గొట్టం, అవే తర్వాతివాడికి. కలకను పంచిపెట్టింది ఆ వైద్యశాలే. మీ వీధిలో నలకలు తీసే పెద్దావిడ సంగతీ ఇదే. ఆమె మనసు మంచిదే కావచ్చు. కానీ నాలుకతోనో, గుడ్డ కొసతోనో, కడగని వేలితోనో ఒకరి తర్వాత ఒకరికి తీస్తే ఆమెకు తెలియకుండానే అందరికీ పంచుతుంది. గీరుకున్న నల్లగుడ్డు మీద నాలుక పెడితే నోట్లోని క్రిములన్నీ అందులోకే. నలక పడితే శుభ్రమైన నీళ్ళు ధారగా పోసి రెప్పలు ఆడించండి. పోకపోతే డాక్టరు దగ్గరికే, మధ్యలో ఇంకెవరూ వద్దు.

ఇంట్లో ఏం చెయ్యాలో చెబుతాను. అన్నిటికన్నా ముందు మీ పైట కొంగు. నవ్వకండి. పొయ్యి దగ్గర చెయ్యి తుడుచుకున్న కొంగుతోనే చిన్నదాని కళ్ళు తుడుస్తాం, దాంతోనే మన కళ్ళు అద్దుకుంటాం. తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు కలక మోసే గుడ్డల్లో దీన్ని మించింది లేదు. పాత నూలు చీర చింపి చిన్న చిన్న ముక్కలు చెయ్యండి. ఒక్కో ముక్క ఒక్కసారికే, ఒక్క కంటికే. వాడినవన్నీ ఒక తట్టలో వేసి సాయంత్రం వేడినీళ్ళలో ఉడికించి ఎండలో ఆరెయ్యండి. తువ్వాళ్ళు, దిండు గలేబులు ఎవరివి వాళ్ళకే. కాటుక ఇంటిల్లిపాదీ మానెయ్యండి. ఆ డబ్బీ పారెయ్యండి, ఎంత బాగున్నా సరే. ఇంట్లో ఒకటే సెల్‌ఫోను ఉంటే దాన్నీ తుడవాలి, ఎందుకంటే అందరూ నలుపుకున్న చేత్తోనే పట్టుకుంటారు.

చేతులకు సబ్బే వాడండి. చాలామంది శానిటైజర్ రాసుకుని నిశ్చింతగా ఉంటున్నారు. కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, శానిటైజర్ దాన్ని చీల్చేస్తుంది. అడినోవైరస్‌కు ఆ పొర లేదు, మొండిది, ఎండిపోయిన గచ్చు మీదా తలుపు గొళ్ళెం మీదా వారాల తరబడి బతికే ఉంటుంది. సబ్బు రాసి బాగా రుద్ది నీళ్ళతో కొట్టుకుపోయేలా కడగడమే దానికి మందు. గొళ్ళేలు, బోరింగు పిడి, పిల్లాడి ట్రంకు పెట్టె బ్లీచింగ్ నీళ్ళతో తుడవండి. పెద్దోడిని నీళ్ళు కారుతుండగా హాస్టలుకు పంపకండి. ఒకే గదిలో చాపలు ఆనించుకుని పడుకుని, ఒకే తువ్వాలుతో ముఖాలు తుడుచుకునే పిల్లల్లో ఒకడు చాలు. 2023 వర్షాకాలంలో మన రాష్ట్రంతో పాటు దేశంలో చాలా చోట్ల కలక ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు బడిపిల్లలనే ఎక్కువగా చూశాం.

పని సంగతి కొంచెం కష్టమైనది. పుస్తకం ప్రకారం చెబితే కళ్ళు ఎర్రబడిన దగ్గర్నుంచి రెండు వారాల దాకా అంటించే అవకాశం ఉంది. రోజుకూలి మీద బతికే మనిషికి రెండు వారాలు ఇంట్లో కూర్చోమని చెప్పడం నాకు తేలికే, కూర్చోవడం మీకు తేలిక కాదు. నీళ్ళూ పుసీ బాగా కారే మొదటి వారం మాత్రం ఎలాగైనా మానండి, మేస్త్రి అన్నదాంట్లో అంతవరకూ న్యాయముంది. కారడం పూర్తిగా ఆగాక వెళ్ళొచ్చు. ఇంకో వారం మీ కత్తి, మీ తట్ట విడిగా పెట్టుకోండి, పక్కవాళ్ళకు కాస్త ఎడంగా కూర్చోండి. పప్పు తినే వస్తువు, దాని కోసమైనా చేతులు కడగాలి. మీ పనిలో ఇంకో చిక్కు కూడా ఉంది. పిక్కల జీడి, అంటే తొక్కలోని కాల్చే రసం, వేళ్ళకు అంటి ఉంటుంది. ఆ వేళ్ళతో కలక కన్ను నలిపితే రెప్పలు కాలినట్టు పొక్కుతాయి, నల్లగుడ్డు మీద పొర లేస్తుంది. జీడి కంట్లో పడితే నలపకుండా పావుగంట సేపు నీళ్ళు ధారగా పోసి డాక్టరుకు చూపించుకోవాలి.

బాలింత విషయానికొస్తే, ఆమె పాలు బిడ్డకే. తల్లిపాలు అమృతమే గానీ అవి బిడ్డ కడుపులోకి పోవాలి, అత్తగారి కంట్లోకి కాదు. గిన్నెలోకి పిండిన పాలు క్రిములు లేని మందు కాదు. పచ్చి కంట్లో పోస్తే కొత్త క్రిములు చేరవచ్చు. ఆముదం, నందివర్ధనం పూలు, ధనియాల నీళ్ళు, ఉల్లిరసం, వీటిదీ అదే మాట. మీ అత్తగారితో నా పేరు చెప్పి అనండి, మీ మీద కోపం పెట్టుకోదు. తోటికోడలినీ బిడ్డనీ వేరే గదిలో ఉంచండి. కుదిరితే రెండు వారాలు పుట్టింటికి పంపించండి, కానీ ఆమె కళ్ళు ఇప్పటికే గరగరలాడుతుంటే పంపొద్దు, అక్కడికీ మోసుకెళ్తుంది. ఒకవేళ ఆమెకు కలక వచ్చినా పాలు ఇవ్వడం మానక్కర్లేదు, చేతులు కడుక్కుని ఇస్తే చాలు. బిడ్డ కంట్లో చీము కనిపిస్తే మాత్రం ఇంటి కలకే అంటిందిలే అని ఊరుకోకండి. నెల లోపు పిల్లల కంట్లో చీము అంటే పుట్టేటప్పుడు తల్లి నుంచి వచ్చిన ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు, అందులో ఒక రకం ఒకటి రెండు రోజుల్లో నల్లగుడ్డును తినేస్తుంది. రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ నలుగురి కలక దానంతటదే పోతుంది. మొదటి వారం ముదిరి, రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతుంది. వైరస్ కలకకు యాంటీబయాటిక్ చుక్కలతో పని లేదు, పచ్చటి చీము బాగా పడుతుంటే అది బ్యాక్టీరియా కలక, అప్పుడు డాక్టరు రాసిస్తే వాడాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో గుడ్డ తడిపి మూసిన రెప్పల మీద వేసుకోండి, హాయిగా ఉంటుంది. గరగర ఎక్కువగా ఉంటే కన్నీళ్ళ లాంటి చుక్కలుంటాయి, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అని అడగండి, అవి కూడా మనిషికొక సీసా. కలక తగ్గాక కొందరికి దీపాల చుట్టూ వెలుగు చెదిరినట్టు, చూపు కాస్త మబ్బుగా ఉంటుంది. వైరస్ నల్లగుడ్డు మీద చిన్న చుక్కల్లాంటి మచ్చలు వదిలి వెళ్తుంది, అవి కరగడానికి నెలలు పట్టవచ్చు. దానికి భయపడి మళ్ళీ షాపు చుక్కలు మొదలుపెట్టకండి, ఒకసారి చూపించుకోండి. అదే కలకలో నొప్పి తీవ్రంగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, తుడిచాక కూడా చూపు తేరుకోకపోయినా, రెప్ప మీదో నుదుటి మీదో నీటిబొబ్బలు లేచినా ఆ రోజే వెళ్ళాలి.

అరసవల్లి వెళ్ళండి, ఈ ఆదివారం మాత్రం వద్దు. కళ్ళ జబ్బులకు మొక్కుకునే గుడి అది, కాబట్టి ఆ వరుసలో మీ ముందూ వెనకా కళ్ళు బాగాలేనివాళ్ళే ఉంటారు, వాళ్ళలో ఆపరేషను అయినవాళ్ళూ ఉంటారు. అందరూ పట్టుకునే గొట్టపు కంచెలనే మీరూ పట్టుకుంటారు. ఇంద్ర పుష్కరిణిలో అందరితో కలిసి మునగడం కారుతున్న కళ్ళతో అసలు పనికిరాదు. మూడు వారాలు గడిచాక ఏ ఆదివారమైనా వెళ్ళి మొక్కు తీర్చుకోండి. మీ మామగారిని ఎప్పుడు తీసుకెళ్ళాలో మాత్రం ఆయన డాక్టరునే అడగండి. పుండని తేలితే అది మానేదాకా ఆ కంటికి చెరువు నీళ్ళు తగలకూడదు.